తుఫాను సాయం పనిచేసిందో లేదో నిజంగా తేల్చగలమా?

ప్రశ్న: పర్లాకిమిడిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరాను. 2018లో తిత్లీ తుఫాను తర్వాత మా సంస్థ గజపతి జిల్లా పల్లెల్లో ఇళ్ల పైకప్పులు బాగుచేయించింది, మేకలు, జీడి మొక్కలు పంచింది. ఇప్పుడు డబ్బిచ్చినవాళ్లు ‘దీనివల్ల కుటుంబాలు ఎంత కోలుకున్నాయో మూల్యాంకనం చేసి పంపండి’ అంటున్నారు. ఆఫీసులో ఒకరు ఇదంతా ఫైలు మూయడానికే అంటారు, ఇంకొకరు కంట్రోల్ గ్రూపు పెట్టి చేద్దాం అంటారు. అసలు ఇలాంటి సాయం పనిచేసిందో లేదో తేల్చడం సాధ్యమేనా?

జవాబు:

సాధ్యమే. కాకపోతే మీ దాత అడిగిన ప్రశ్నకు మాత్రం కాదు. ‘మా సాయం వల్ల ఈ కుటుంబాలు కోలుకున్నాయా’ అన్నదానికి నమ్మదగ్గ జవాబు తెచ్చిన సర్వేను నేను ఇంతవరకు చూడలేదు. అదే ‘పైకప్పు డబ్బు వానలు పడేలోపు చేతికందిందా, అందినవాళ్లు అప్పు తక్కువ చేశారా, అందాల్సినవాళ్లలో ఎవరు మిగిలిపోయారు’ అని అడిగితే జవాబు తేవచ్చు. ఆ జవాబు పనికొస్తుంది కూడా. నేను బరంపురంలో ఉంటూ 2013 ఫైలిన్ తుఫాను నాటి నుంచి గంజాం, గజపతి జిల్లాల్లోనూ, అవతల ఇచ్ఛాపురం, సోంపేట వైపూ ఇలాంటి సర్వేలు చేస్తూ, చేయిస్తూ వస్తున్నాను. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

పెద్ద ప్రశ్న ఎందుకు తేలదో ముందు చూద్దాం. మన ఒడిశా గురించి అందరూ చెప్పే లెక్క ఒకటుంది. 1999 అక్టోబర్ 29 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది పోయారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు, చనిపోయినవాళ్లు పదుల్లోనే ఉన్నారు. మధ్యలో ఒడిశా విపత్తు నిర్వహణ సంస్థ వచ్చింది, తుఫాను షెల్టర్లు వచ్చాయి, హెచ్చరికల పద్ధతి మారింది. కాబట్టి తేడా అంతా వాటిదే అంటారు. అందులో చాలా భాగం నిజమే. తరలింపు లేకపోతే మా వైపు తీరంలో ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. కానీ మూల్యాంకనం చేసేవాడు అక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 1999లో ఉప్పెన వచ్చింది జగత్‌సింగ్‌పూర్ జిల్లాలో, ఎరసమ లాంటి పల్లపు డెల్టా నేలమీద. పైగా ఆ తుఫాను ఒడ్డుకు చేరాక కదలకుండా గంటల తరబడి అక్కడే నిలబడిపోయింది. ఫైలిన్ వచ్చిన గంజాం తీరం అంత పల్లం కాదు, ఇసుక దిబ్బలు అడ్డున్నాయి, సముద్రం అంత లోపలికి రాలేదు. అంటే రెండు తుఫానులూ ఒకటి కావు, నేలా ఒకటి కాదు. గంజాంకి సరైన పోలిక కావాలంటే అదే 1999లో అక్టోబర్ 17న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటిన ఇంకో తుఫానును చూడాలి. పన్నెండు రోజుల్లో వచ్చిన రెండోదాని ముందు దాన్ని అందరూ మర్చిపోయారు.

ప్రాణాల లెక్కకే ఇంత తంటా ఉంటే, బతుకుల లెక్క సంగతి చెప్పక్కర్లేదు.

గంజాం తీరంలో ఒక జాలరి పల్లె తీసుకోండి. 2013లో ఫైలిన్. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో ఒడిశా విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టు కింద గంజాం, పూరీ, ఖుర్దా జిల్లాల తీర గ్రామాల్లో ఇళ్లు. సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది, గాలివాన మాకూ తగిలింది. 2018లో తిత్లీ, 2019 మేలో పూరీ దగ్గర ఫణి, 2021 సెప్టెంబర్‌లో గులాబ్. ఈలోగా ప్రధానమంత్రి ఆవాస్ యోజన, బిజూ పక్కా ఘర్, వితంతు పింఛన్లు, కొత్త రేషన్ కార్డులు. మగవాళ్లలో చాలామంది సూరత్ మగ్గాల మీద పని చేస్తూ నెలనెలా డబ్బు పంపుతుంటారు. 2020లో కరోనా వచ్చి వాళ్లంతా రైళ్లెక్కి తిరిగొచ్చేశారు. ఇన్ని జరిగాక 2022లో ఒక కుర్రాడు టాబ్లెట్ పట్టుకుని వెళ్లి ‘ఫైలిన్ సాయం వల్ల మీ ఆదాయం పెరిగిందా?’ అని అడిగితే ఆ ఇల్లాలు ఏం చెప్పాలి? ఆమె ఏదో ఒకటి చెబుతుంది, కుర్రాడు నొక్కుతాడు, రిపోర్టులో శాతం పడుతుంది. ఆ శాతం అబద్ధం కాదుగానీ దానికి అర్థమంటూ ఏమీ లేదు.

మీ ఆఫీసులో కంట్రోల్ గ్రూపు అన్నవారి మాటా కొట్టిపారేయదగ్గది కాదు. సాయం అందినవాళ్లను, అన్ని విధాలా వాళ్లలాంటివాళ్లే అయినా సాయం అందనివాళ్లతో పోల్చడం, అంతే దాని అర్థం. అది కుదిరిన చోట్ల మంచి ఫలితాలే వచ్చాయి. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో డిమెల్, మెకెంజీ, వుడ్రఫ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చిన్న వ్యాపారులకు లాటరీ పద్ధతిలో నగదు గ్రాంట్లు ఇచ్చి కొన్నేళ్లు వెంటపడి చూశారు. కొట్టు పెట్టుకుని సరుకు అమ్మేవాళ్లు ఆ డబ్బుతో త్వరగా లేచారు. ఏదో ఒకటి తయారుచేసి అమ్మేవాళ్లకు అంత లాభం కనిపించలేదు, ఎందుకంటే వాళ్లకు ముడిసరుకు ఇచ్చే చోటే దెబ్బతింది. ఇది పనికొచ్చే సంగతి. రేపు బరంపురంలో తుఫాను వస్తే ఎవరికి డబ్బివ్వాలో, ఎవరికి ముందు రోడ్డూ కరెంటూ సరుకూ తెప్పించాలో అది చెబుతోంది. 2020 జూలైలో బంగ్లాదేశ్‌లో జమునా నది వరద ముంచకముందే ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్లు 23 వేలకు పైగా కుటుంబాలకు 4,500 టాకాల చొప్పున ఫోన్‌లో వేశారు. జాబితాలో ఉండీ మొబైల్ ఖాతా సరిపోక సమయానికి డబ్బు పడని కుటుంబాలతో పోల్చి చూస్తే, అందినవాళ్లు రోజంతా పస్తుండాల్సి రావడం 36 శాతం తక్కువ. ఇక్కడ ‘కోలుకున్నారా’ అని అడగలేదు చూడండి. ‘తిన్నారా’ అని అడిగారు.

అయితే మన ఊళ్లలో కంట్రోల్ గ్రూపు పెట్టడంలో ఒక చిక్కుంది. జాలరి పల్లెల్లో బయటినుంచి ఏ సాయం వచ్చినా ఊరి పెద్దలు, కమిటీ కూర్చుని గడపగడపకూ సమంగా పంచేస్తారు. మీరు నలభై ఇళ్లకని తెచ్చిన బియ్యం వంద ఇళ్లకు వెళ్తుంది. నన్నడిగితే అది వాళ్ల మర్యాద, తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. కానీ ‘అందినవాళ్లు, అందనివాళ్లు’ అన్న మీ విభజన కాగితం మీదే మిగులుతుంది. మేకలైతే సమంగా కోసి పంచలేరు కాబట్టి మీకు ఆ బాధ కొంత తక్కువ. అయినా మేకల్ని ఎవరు మేపుతున్నారో, పిల్లలు పుడితే ఎవరికి పాలి ఇస్తున్నారో అడగండి. లబ్ధిదారు పేరు ఒకరిది, మేక ఇంకొకరి దొడ్లో ఉండటం మామూలే.

సరిహద్దు మీద ఉన్నాం కాబట్టి ఇంకో ఆలోచన మీకు తప్పకుండా వస్తుంది. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది. అటు శ్రీకాకుళం, ఇటు గంజాం, గజపతి. ఒకే గాలి, ఒకే వాన, సాయం మాత్రం రెండు రాష్ట్రాలది, రెండు పద్ధతులది. ఆంధ్ర వైపు ఉద్దానంలో కొబ్బరికి చెట్టు లెక్కన పరిహారం ప్రకటించారు, 2019లో ప్రభుత్వం మారాక ఆ మొత్తం పెంచారు. ఇటు ప్రధానంగా రిలీఫ్ కోడ్ (ప్రభుత్వ విపత్తు సాయం నియమావళి) ప్రకారం హెక్టారు లెక్క, 33 శాతం పైగా పంట పోయి ఉండాలన్న నిబంధన. ఏ పద్ధతి మేలో తేల్చడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదనిపిస్తుంది. నాకూ చాలాకాలం ఆ ఆశ ఉండేది. కానీ ఉద్దానం సముద్రపు ఒడ్డు ఇసుక నేల, కొబ్బరి తోట. గజపతి కొండవాలు, జీడి, మొక్కజొన్న, పోడు. కొబ్బరి పోతే ఆరేడేళ్లు కాపు రాదు, మొక్కజొన్న అయితే మరుసటి ఏడాదే మళ్లీ విత్తుకోవచ్చు. పోలిక కుదిరేది పాతపట్నం–పర్లాకిమిడి మధ్య మైదానంలో, ఇచ్ఛాపురం–గిరిసోల మధ్య నాలుగు ఊళ్లలో. అక్కడేమో ఇల్లు ఇటు, పొలం అటు, వియ్యంకులు రెండు పక్కలా. ఎవరికి ఏ ప్రభుత్వం డబ్బు అందిందో వాళ్లు చెప్పేదాకా తెలీదు, చెప్పాలని వాళ్లకూ ఉండదు. ఎవరైనా పీహెచ్‌డీ విద్యార్థి రెండేళ్లు ఆ ఊళ్లలో కూర్చుంటే కొంత తేలుతుందేమో. మీకున్న మూడు నెలల్లో దాని జోలికి వెళ్లకండి.

ఇక అసలు విషయానికొస్తాను. మీ సంస్థ దగ్గర లబ్ధిదారుల జాబితా ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి, అందులో లేనివాళ్ల జాబితా సంపాదించండి. దరఖాస్తు పెట్టినవాళ్లు, మొదటి సర్వేలో పేరుండి చివరికి తీసేసినవాళ్లు, అసలు సర్వే నాటికి ఊళ్లోనే లేనివాళ్లు. విపత్తు సాయంలో మీకు దొరికే అన్నిటికంటే విలువైన కాగితం ఇదే. చాలా సంస్థలు దీన్ని దాచుకోవు కూడా, పారేస్తాయి.

ఎందుకంత విలువైనదో ఒక లెక్కతో చెబుతాను. తిత్లీ నాటికి అమల్లో ఉన్న రాష్ట్ర విపత్తు సహాయ నిధి నిబంధనల్లో, పూర్తిగా గానీ తీవ్రంగా గానీ దెబ్బతిన్న ఇంటికి మైదానంలో 95,100 రూపాయలు, కొండ ప్రాంతాల్లోనూ గజపతి లాంటి ఐఏపీ (మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల కోసం కేంద్రం పెట్టిన ప్రత్యేక పథకం) జిల్లాల్లోనూ 1,01,900. అదే కచ్చా ఇల్లు పాక్షికంగా, కనీసం 15 శాతం, దెబ్బతింటే 3,200. మధ్యలో ఇంకో మెట్టు లేదు. ఒక మట్టిగోడ ‘తీవ్రంగా’ కూలిందా ‘పాక్షికంగా’ కూలిందా అన్న ఒక్క మాట మీద 3,200 కాస్తా దాదాపు ముప్పై రెట్లు అవుతుంది. ఆ మాట రాసేది ఎవరు? రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఆయన వెంట పంచాయతీ మనిషి, ఒక్క రోజులో నాలుగైదు ఊళ్లు తిరగాలి, టేపు పట్టుకుని కొలిచే టైం ఉండదు. అలాంటి చోట గట్టిగా మాట్లాడగలిగినవాడి గోడ ఎక్కువ కూలుతుంది. మనవాళ్లలో కొడుకులకు వేరు పొయ్యి పెట్టించి మూడు కుటుంబాలుగా రాయించుకున్నవాళ్లూ ఉన్నారు. ఎడ్డివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, ఆ వారం ఊరికి దూరంగా కూలికి వెళ్లినవాళ్లు ఆ ‘తీవ్రం’, ‘పాక్షికం’ మధ్య గీతకు అవతల పడతారు.

చదువుకున్న మూల్యాంకకులు ఇలాంటి గీత చూడగానే సంతోషిస్తారు. గీతకు కాస్త ఇటున్నవాళ్లను, కాస్త అటున్నవాళ్లను పోలిస్తే సాయం ప్రభావం తెలిసిపోతుందని పుస్తకాల్లో ఉంటుంది. గీత నిజాయితీగా గీసినప్పుడు అది మంచి పద్ధతే. మన దగ్గర గీతను జరిపేశారు కాబట్టి ఇటున్నవాళ్లకు పలుకుబడి ఎక్కువ, వాళ్లు సాయం లేకపోయినా త్వరగానే లేచేవాళ్లు. అంచేత ఆ పోలికతో ‘సాయం బ్రహ్మాండంగా పనిచేసింది’ అని తేలుతుంది. అటువైపు మిగిలిపోయినవాళ్ల ఇళ్లకు ఒకసారి వెళ్లిరండి, సాయం ఎంత పనిచేసిందో కాకపోయినా ఎవరిని దాటిపోయిందో కళ్లారా తెలుస్తుంది. మీ సంస్థ కూడా సర్కారు జాబితానే తెచ్చుకుని వాడిందా, సొంతంగా తిరిగి రాసుకుందా అన్నది మీరు తేల్చాల్సిన మొదటి విషయం. చిన్న సంస్థలు చాలావరకు సర్కారు జాబితానే వాడతాయి. అప్పుడు దాటిపోయినవాళ్లను రెండోసారీ దాటిపోయినట్టే.

పెద్ద ఎత్తున ఇదే తప్పు ఎలా ఉంటుందో సునామీ చూపించింది. దాదాపు నలభై సంస్థలు కలిసి 2006లో చేసిన ఉమ్మడి మూల్యాంకనంలో, సునామీ బాధితుడికి తలకు 7,100 డాలర్లు సమకూరితే అదే 2004లో బంగ్లాదేశ్ వరదల బాధితుడికి వచ్చింది తలకు 3 డాలర్లు అని తేలింది. దాతల డబ్బు అవసరాన్ని బట్టి కాక టీవీలో కనపడిన దాన్ని బట్టి పారుతుందని అర్థమైంది. ఒక్కో సంస్థ తన ప్రాజెక్టును తానే చూసుకుంటే ఆ అంకె ఎప్పటికీ బయటికి రాదు. అందరి లెక్కలూ పక్కపక్కన పెట్టినప్పుడే వచ్చింది.

మన జిల్లాలోనూ అదే జరిగింది. తిత్లీ రోజు కళ్లన్నీ తీరం మీదే. మొదటి రోజుల్లో ప్రాణనష్టం పెద్దగా లేదన్నట్టే వార్తలొచ్చాయి. తర్వాత గజపతి జిల్లా రాయగడ బ్లాకులో బారఘర అనే కొండ పల్లె కబురు తెలిసింది. వాన నుంచి తలదాచుకోవడానికి వెళ్లినవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది. తీరం వెంబడి తరలింపు ఎంత బాగా జరిగిందని ఆ మొదటి రోజే మూల్యాంకనం చేసి ఉంటే మంచి మార్కులే పడేవి. ఏది కొలుస్తున్నాం అన్నదానితో పాటు ఎక్కడ నిలబడి, ఎన్నో రోజున కొలుస్తున్నాం అన్నదీ ఫలితాన్ని మార్చేస్తుంది.

ఇళ్ల విషయంలో ఒకటి దగ్గరగా చూసింది చెప్పాలి. ఛత్రపురం దిగువన, గోపాల్‌పూర్ పక్కన జాలరి పల్లెల్లో ఫైలిన్ తర్వాత కట్టిన స్లాబు ఇళ్లున్నాయి. ఇంటివాళ్లే కట్టుకోవాలి, పునాది, లింటెల్, స్లాబు అని దశలవారీగా డబ్బు పడుతుంది. కంట్రాక్టరుకు అప్పజెప్పడం కంటే ఇది నయమని నా అభిప్రాయం. గుజరాత్ భూకంపం తర్వాత చేసిన పరిశీలనల్లోనూ సొంతంగా కట్టుకున్నవాళ్లకే తృప్తి ఎక్కువని తేలింది. సరే, ఆ పల్లెల్లో ఒక ఇంటికి వెళ్లండి. ముందు గదిలో వలలు కుప్పగా ఉంటాయి, మూలన గోనెపట్టా కప్పిన బోటు ఇంజిను, కిరసనాయిలు వాసన, గోడకు వేలాడుతున్న ప్లాస్టిక్ బూయలు (వలలు నీటిపై తేలడానికి కట్టే బుడగలు). మనుషులు ఉండేదేమో వెనకాల వేసుకున్న పాకలో. పొయ్యి అక్కడే, మంచం అక్కడే. ఎండాకాలం స్లాబు కింద పడుకోలేరు మరి. మీ ఫారంలో ‘ఇంటిని నివాసానికి వాడుతున్నారా?’ అని ఉంటుంది. ఇంటాయన అవునంటాడు, కాదంటే ఏమవుతుందోనని భయం. తెలివైన సర్వేయరు పొయ్యి ఎక్కడుందో చూసి ‘వాడటం లేదు’ అని రాస్తాడు, ప్రాజెక్టుకు మార్కులు పోతాయి.

ఇద్దరూ తప్పే. ఆ ఇంజిను ఆ ఇంట్లో అన్నిటికంటే ఖరీదైన వస్తువు, ఫైలిన్‌లో చాలామందికి పోయింది అదే. దాన్ని స్లాబు కింద పెట్టడం కంటే మంచి వాడకం ఏముంటుంది? ‘గులాబ్ వచ్చిన రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఎంతమంది పడుకున్నారు?’ అని అడగండి. అప్పుడు తెలుస్తుంది, ఆ ఇంటివాళ్లతో పాటు ఇల్లు రాని పక్కింటివాళ్లు, ముసలివాళ్లు, వేరే ఊరినుంచి పురిటికొచ్చిన ఆడపడుచు అందరూ ఆ వలల మధ్యే తెల్లారేదాకా ఉన్నారని. అది తలలు లెక్కబెట్టి చెప్పగల జవాబు. తారీఖు స్పష్టంగా గుర్తుండే జవాబు. ఆ ఇల్లు కట్టింది ఎందుకో దానికి నేరుగా తగిలే జవాబు. మీ పైకప్పుల విషయంలో కూడా ఇలాంటి ప్రశ్నే వెతకండి. తిత్లీ తర్వాత వేసిన రేకులు ఫణికి, గులాబ్‌కు నిలిచాయా, నిలవకపోతే ఎక్కడ ఊడాయి, హుక్కు దగ్గరా దూలం దగ్గరా? నిచ్చెన ఎక్కి చూస్తే ఇది తెలుస్తుంది, వంద ప్రశ్నల ఫారం అక్కర్లేదు.

అప్పు సంగతి ఇంకా ముఖ్యం. ఆదాయం ఎంత అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు, చెప్పలేరు కూడా. అప్పు మాత్రం రాసుంటుంది. మహిళా సంఘం పాస్‌బుక్కు ఉంటుంది, తారీఖుతో సహా. బంగారం తాకట్టు రసీదులు బియ్యం డబ్బాలోనో, దేవుడి పటం వెనకాలో దాచుకుంటారు. ఇల్లాలితో కాస్త చనువు ఏర్పడ్డాక ‘తుఫాను తర్వాత ఏదైనా తాకట్టు పెట్టారా, విడిపించారా?’ అని అడిగితే ఆ రసీదులే తెచ్చి ముందు పెడతారు. 2018 నవంబర్‌లో పుస్తెలతాడు పెట్టారు, 2019 మార్చిలో మీ డబ్బు వచ్చింది, ఏప్రిల్లో విడిపించారు. ఇదొక కథ. ఇంకో ఇంట్లో, మొదటి విడత వచ్చి రెండోది ఆలస్యమైంది, సగం గోడల మీద పైకప్పు వేయడానికి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు, అది ఇంకా తీరలేదు. ఈ రెండో ఇంట్లో మీ సాయం అప్పు పుట్టించింది, మీ రిపోర్టులో మాత్రం ‘ఇల్లు పూర్తయింది’ అని జియో ట్యాగ్ ఫోటో ఉంటుంది. ఇరవై ఇళ్లలో ఈ కాగితాలు చూస్తే రెండొందల ఇళ్ల సర్వే కంటే ఎక్కువ తెలుస్తుందని నేను ఒట్టేసి చెప్పగలను. రసీదులకు ఫోటోలు మాత్రం తీయకండి. తారీఖు, మొత్తం రాసుకుంటే చాలు.

ఎవరు పక్కన నిలబడ్డారన్నది కూడా చూసుకోవాలి. మన జాలరి పల్లెల్లో ఇంట్లో తెలుగు, ఫారం ఒడియాలో, సర్వేయరు భువనేశ్వర్ నుంచి. మధ్యలో మాట అందించడానికి ఊరి పెద్ద వస్తాడు. జాబితా రాయించిందీ ఆయనే. ఆయన ముందు ఎవరైనా ‘నాకు రాలేదు’ అంటారా? మీ గజపతి కొండల్లో సవర గిరిజనుల పల్లెలకు వెళ్తే ఇదే ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఆ ఊరికి చెందని, ఆ జాబితాతో సంబంధం లేని సవర అమ్మాయిని ఒకరిని పెట్టుకోండి, మంచి రోజు కూలి ఇవ్వండి. మొత్తం బడ్జెట్‌లో అంతకంటే బాగా ఖర్చయిన డబ్బు ఇంకోటి ఉండదు.

మీ దాత పంపే ఫార్మాట్‌లో బహుశా ఆరు గళ్లుంటాయి: సందర్భోచితత, పొందిక, ఫలసాధన, సామర్థ్యం, ప్రభావం, నిలకడ. ధనిక దేశాల సంఘమైన ఓఈసీడీ వాళ్లు 1991లో ఐదుగా పెట్టి, 2019లో ‘పొందిక’ కలిపి ఆరు చేశారు. చెడ్డవేమీ కావు, కాకపోతే వాటిని నింపాలన్న తొందరలో జనం ఆరింటికీ సమానంగా రెండేసి పేజీలు రాసేస్తారు. మీరు ‘ప్రభావం’ అన్న గడిలో ‘ఈ పరిమాణంలో, ఇంత ఆలస్యంగా దీన్ని వేరుచేసి చెప్పడం కుదరదు, కారణాలు ఇవి’ అని అరపేజీ రాసి, మిగిలిన బలమంతా ఎవరికి చేరింది, ఎప్పుడు చేరింది, అప్పు, పైకప్పు నిలకడ మీద పెట్టండి. తెలివున్న దాత దాన్ని మెచ్చుకుంటాడు.

మెచ్చుకోనివాళ్లూ ఉంటారు. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ నాతో సర్వే చేయించుకుని, ‘పేర్లు ఎందుకు తీసేశారో కారణం చెప్పారా’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబుల్ని రిపోర్టులోంచి తీసేయమంది. తదుపరి విడత నిధులు అప్పటికే ఖాయమైపోయాయట. అలాంటప్పుడు చేసేది మూల్యాంకనం కాదు, యుటిలైజేషన్ సర్టిఫికెట్‌కు, అంటే డబ్బు ఖర్చయిందని ఇచ్చే కాగితానికి, అట్టకట్టడం. కాబట్టి మొదలుపెట్టకముందే మీ డైరెక్టరు గారినీ దాతనూ ఒక్క మాట అడగండి: ఫలితం బాగాలేదని వస్తే మీరు ఏం మారుస్తారు? వాళ్ల దగ్గర ఏదైనా ఒక జవాబుంటే, ఉదాహరణకు వచ్చే తుఫానుకు మేకల బదులు నగదు ఇస్తామనో, జాబితా గ్రామసభలో చదివి వినిపిస్తామనో, అప్పుడు ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం మాత్రమే సేకరించండి. జవాబు లేకపోతే తక్కువ ఖర్చుతో ముగించి, మిగిలిన డబ్బు పెట్టి ఊడిన రేకులు బిగించండి. పది లక్షల పనికి మూడు లక్షల మూల్యాంకనం చేసిన సందర్భాలు నేను చూశాను.

మీ మూడింటిలో దేన్ని ఎంతవరకు కొలవచ్చో చెబుతాను. రేకులు సులభం, పైన చెప్పాను. మేకలకు ఇప్పుడు ఎన్ని ఉన్నాయన్న లెక్క ఒక్కటే తీసుకోకండి. అమ్ముకుంటే అది వైఫల్యం కాదు, దేనికి అమ్మారన్నది అడగండి. ఆసుపత్రికి అమ్మితే అది ఆదుకున్నట్టే. చచ్చిపోతే ఎప్పుడు, టీకాలు వేశారా, ఆ జాతి కొండకు అలవాటైనదేనా అన్నది రాసుకోండి. జీడి మొక్కలు నాటి ఇన్నేళ్లయింది కాబట్టి బతికినవి ఇప్పటికి కాపుకొచ్చి ఉండాలి. మూడేళ్లకే వెళ్లి చూసినవాళ్లకు దొరకని అవకాశం మీకు దొరికింది. బతికిన మొక్కలు లెక్కపెట్టండి, నేల ఎవరి పేరున ఉందో చూడండి. పట్టా లేని పోడు భూమిలో నాటిన మొక్కకు కంచె ఎవరూ వేయరు.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. జనవరిలో వెళ్లారనుకోండి, వరి నూర్పిళ్లు అయిపోయి గాదెలో గింజలుంటాయి, సంక్రాంతి మూడ్‌లో అందరూ బాగానే ఉన్నామంటారు. మార్చి నుంచి మే దాకా జీడి గింజలు ఏరుకోవడంలో పగలు ఇంట్లో ఎవరూ దొరకరు. ఆగస్టులో వెళ్తే కొండ పల్లెల్లో గింజలు నిండుకుని, మామిడి టెంక అంబలి కాచుకునే ఇళ్లు కూడా కనిపిస్తాయి, మీ సాయం ఏమీ చేయలేదనిపిస్తుంది. మీ సంస్థ తుఫాను తర్వాత మొదటి సర్వే ఏ నెలలో చేసిందో పాత ఫైళ్లలో చూసి, సరిగ్గా అదే నెలలో వెళ్లండి. అది నవంబర్ అయితే తెల్లవారుజామున కోతకు బయల్దేరకముందు గానీ, దీపాలు పెట్టాక గానీ ఇంటికి వెళ్లాలి. బైకు మీద కొండ దిగడం ఆ వేళప్పుడు కష్టం కాబట్టి రాత్రికి ఆ పల్లెలోనే ఉండే ఏర్పాటు ముందుగా చేసుకోండి. తాకట్టు రసీదులు బయటికొచ్చేది కూడా ఎక్కువగా భోజనాలయ్యాకే.